ట్రైపాడ్ హెడ్లు: అమరిక, మార్పిడి

కెమెరా ట్రైపాడ్‌లో కాళ్ల పని బరువు మోయడం, నేల మీద కదలకుండా నిలబడటం. కెమెరాను కావలసిన వైపు తిప్పి, తిప్పినచోట పట్టి ఉంచే పని వాటి మీద కూర్చునే హెడ్‌ది. వృత్తి ఫొటోగ్రాఫర్లు వాడే ట్రైపాడ్లలో ఈ రెండూ విడివిడిగా దొరుకుతాయి. కాళ్లు ఒక కంపెనీవి, హెడ్ ఇంకో కంపెనీది కావడం మామూలే. పక్షుల ఫొటోలకు ఒకటి, పెళ్లి వీడియోకు ఒకటి, ఇళ్ల లోపలి ఫొటోలకు ఒకటి చొప్పున హెడ్లు పెట్టుకుని, ఒకే జత కాళ్ల మీద మార్చుకుంటూ వాడేవాళ్లున్నారు. మంచి కాళ్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి. పనిని బట్టి మారేది హెడ్.

చౌక ట్రైపాడ్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి హెడ్, మధ్య కమ్మీ కలిసి ఒకే ప్లాస్టిక్ భాగంగా ఉంటాయి. విప్పడానికి వీలుండదు, బలవంతంగా విప్పితే తిరిగి అతకదు. హెడ్ మార్చుకునే ఉద్దేశం ఉన్నవాళ్లు కొనేముందే ఒకసారి తీసి చూడాలి. హెడ్ ఊడి వచ్చాక కింద గుండ్రటి చదును పళ్లెం, దాని నడుమ పైకి నిలిచిన స్క్రూ కనబడితే ఆ కాళ్ల మీద మరో హెడ్ ఎక్కుతుంది.

హెడ్ మార్పిడిలో కాళ్లకూ హెడ్‌కూ, హెడ్‌కూ కెమెరా ప్లేటుకూ, హెడ్ సామర్థ్యానికీ అది మోసే బరువుకూ పొంతన కుదరాలి. మొదటిదాన్నే ఎక్కువమంది తేలిగ్గా తీసుకుంటారు. స్క్రూ ఎక్కింది కదా, పని అయిపోయిందనుకుంటారు. స్క్రూ చేసేది హెడ్‌ను కిందికి లాగి పట్టడం వరకే. హెడ్‌ను ఊగకుండా నిలబెట్టేది దాని అడుగూ కింది పళ్లెమూ ఒకదాన్నొకటి ఒరుసుకునే ఒత్తిడి, ఆ రెండు ముఖాల మధ్య ఘర్షణ. హెడ్ మార్చేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుట్టాయి.

హెడ్ ఎలా వచ్చింది

పంతొమ్మిదో శతాబ్దపు కొయ్య ట్రైపాడ్లకు చాలావరకు ఇప్పటిలాంటి హెడ్ లేదు. గాజు పలకల పెద్ద కెమెరాను చదునైన పీట మీద పెట్టి అడుగు నుంచి స్క్రూ బిగించేవారు. వంపు కావాలంటే ఒక కాలు జరపాలి, లేదంటే కెమెరా ముందు వెనుక పలకలను కదపాలి. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) పనిచేసిన కాలం అది. కట్టడాలూ కూర్చున్న మనుషులూ కదలరు కాబట్టి ఆ ఏర్పాటు సరిపోయింది.

సినిమా వచ్చాక సరిపోలేదు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ ఊరేగింపు లండన్ వీధుల్లో సాగుతుంటే, దాన్ని వెంబడిస్తూ కెమెరాను పక్కకు తిప్పడానికి రాబర్ట్ పాల్ ప్రత్యేకంగా ఒక హెడ్ చేయించాడు. ఊరేగింపు కన్నా కష్టమైనవి అడవి జంతువులు. న్యూయార్క్‌లోని అమెరికా సహజ చరిత్ర మ్యూజియంలో జంతు ప్రదర్శనలు రూపొందించిన కార్ల్ ఏక్లీకి అప్పటి కెమెరాలతో పరుగెత్తే జంతువును పట్టడం సాధ్యపడలేదు. తానే ఒక కెమెరా, దానికి తగిన హెడ్ కలిపి తయారు చేశాడు. లోపలి గేర్లు, వాటితో తిరిగే బరువు చక్రం కెమెరా కదలికలోని అదురును మింగేసేవి. పక్కకూ పైకీ ఒకే చేత్తో తిప్పవచ్చు. రాబర్ట్ ఫ్లాహర్టీ తన ‘నానూక్ ఆఫ్ ద నార్త్’ (1922) చిత్రీకరణకు ఆర్కిటిక్ మంచులోకి తీసుకెళ్లినవి ఏక్లీ కెమెరాలే.

తర్వాతి పెద్ద మలుపు ఫ్లూయిడ్ హెడ్. ఆస్ట్రేలియాలో మిల్లర్ సంస్థ 1940ల్లో ఈ దారి పట్టింది. అమెరికాలో దీనికి కారకుడు చాడ్‌వెల్ ఓకానర్ అనే ఇంజినీరు. ఆయన సరదా ఆవిరి రైళ్లను సినిమా తీయడం. దూసుకుపోతున్న ఇంజిన్‌ను కుదుపు లేకుండా వెంబడించడానికి, జిగట ద్రవం నింపిన హెడ్‌ను సొంతంగా చేసుకున్నాడు. అది వాల్ట్ డిస్నీ కంట్లో పడింది. డిస్నీ సంస్థ తీసిన ‘ద లివింగ్ డెసర్ట్’ (1953)కు అలాంటి హెడ్ వాడారు. 1975 సంవత్సరానికి ఓకానర్‌కు అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. జర్మనీలో 1958లో మ్యూనిక్ నగరంలో వెండెలిన్ జాక్ట్‌లర్ మొదలుపెట్టిన సంస్థ ఇదే రంగంలో పెద్ద పేరు.

నిశ్చల ఛాయాచిత్రాల వైపు ఫ్రాన్స్‌లో పుట్టిన గిట్జో, ఇటలీలోని మాన్‌ఫ్రొటో ముందున్నాయి. గిట్జోను 1917లో ఆర్సెన్ గిట్జోవెన్ స్థాపించాడు. కార్బన్ ఫైబర్ కాళ్లను 1994లో మార్కెట్లోకి తెచ్చింది ఆ సంస్థే. మాన్‌ఫ్రొటో స్థాపకుడు లినో మాన్‌ఫ్రొటో బస్సానో దెల్ గ్రాప్పా పట్టణంలో ఫొటో జర్నలిస్టు. తన పనికి అక్కరకొచ్చే స్టాండ్లు దొరక్క తానే చేసుకోవడంతో మొదలై, 1970ల్లో ట్రైపాడ్ల దాకా వచ్చాడు. కాళ్లు వేరు, హెడ్లు వేరుగా అమ్మే పద్ధతి ఇలాంటి సంస్థలతోనే మామూలు వినియోగదారు దాకా చేరింది.

స్క్రూ కొలతలు

ట్రైపాడ్లలో కనబడే స్క్రూలు దాదాపు అన్నీ రెండే కొలతలవి. చిన్నది 1/4 అంగుళం వ్యాసం, అంగుళానికి 20 చుట్లు. పెద్దది 3/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 16 చుట్లు. ఐఎస్ఓ 1222 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ రెంటినీ ఖాయం చేసింది. సాధారణంగా కెమెరా అడుగున ఉండేది చిన్నది, కాళ్ల మీద నిలిచేది పెద్దది. బరువైన మీడియం, లార్జ్ ఫార్మాట్ కెమెరాలు కొన్నింటికి అడుగున కూడా పెద్దదే ఉంటుంది.

మెట్రిక్ లెక్కలో చెబితే చిన్న స్క్రూ వ్యాసం 6.35 మి.మీ., చుట్టుకూ చుట్టుకూ దూరం 1.27 మి.మీ. పెద్దది 9.525 మి.మీ., దూరం దాదాపు 1.59 మి.మీ. ఈ అంకెలు గుర్తుంచుకుంటే హార్డ్‌వేర్ షాపులో మోసపోయే పని ఉండదు. స్క్రూ పోయిందని వెళితే అక్కడ చేతికిచ్చేది ఎక్కువగా ఎం6 బోల్టు. దాని వ్యాసం 6 మి.మీ., చుట్ల దూరం 1 మి.మీ. అది కెమెరా రంధ్రంలోకి వదులుగా దిగి, ఒకటి రెండు చుట్ల తర్వాత పట్టినట్టే పట్టి, బిగిస్తే లోపలి చుట్లను కోసేస్తుంది. కెమెరా అడుగున చుట్లు పోతే బాగుచేయించడం ఖర్చుతో కూడిన పని. కాబట్టి ‘పావు అంగుళం, ఇరవై చుట్లు’ అని అడిగి, తెచ్చుకున్నది పాత స్క్రూ పక్కన పెట్టి చుట్లు చుట్లలో కూర్చుంటున్నాయో లేదో చూసుకోవాలి.

ఈ అంగుళాల లెక్క బ్రిటిష్ వారసత్వం. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన కొలతల్లోనూ 1/4కు 20, 3/8కు 16 చుట్లే. తర్వాత వచ్చిన అమెరికా ప్రమాణం అవే అంకెలను నిలుపుకుని చుట్టు కోణాన్ని మాత్రం 55 డిగ్రీల నుంచి 60కి మార్చింది. అంత చిన్న తేడా ఈ పొట్టి స్క్రూల్లో పెద్దగా అడ్డం రాదు. అందుకే తాతల నాటి కొయ్య ట్రైపాడ్ మీద నేటి బాల్ హెడ్ ఎక్కుతుంది. ఇంత పాత వస్తువుకూ ఇంత కొత్త వస్తువుకూ పొత్తు కుదరడం యంత్ర సామగ్రిలో తరచూ జరిగేది కాదు.

రెండు కొలతల మధ్య వారధి బుష్. ఇది బయట 3/8, లోపల 1/4 చుట్లున్న చిన్న ఇత్తడి లేదా ఉక్కు గొట్టం. అంచున నాణెం పట్టే గాడి ఉంటుంది. పెద్ద రంధ్రమున్న హెడ్‌ను చిన్న స్క్రూ మీద పెట్టడానికి ఇది కావాలి. చాలా కాళ్లలో స్క్రూనే తిరగేసి బిగించుకునే వీలుంది, ఒక కొన 1/4, మరో కొన 3/8. బుష్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే, హెడ్ విప్పినప్పుడు అది హెడ్‌లో ఉండకుండా కాళ్ల స్క్రూతో పాటు ఊడి వస్తుంది. బయటి చుట్లకు, చుట్లను అంటించి ఉంచే నీలిరంగు త్రెడ్‌లాకర్ ద్రవం ఒక్క చుక్క పూసి ఆరనిస్తే కదలదు. ఎర్ర రంగుది వాడకూడదు. అది ఊడాలంటే బాగా వేడిచేయాలి.

వేరే రంగాల స్టాండ్ల మీద కూడా హెడ్లు ఎక్కుతాయి, కొలత తెలిసి చేస్తే. సర్వే యంత్రాల ట్రైపాడ్ స్క్రూ 5/8 అంగుళం, 11 చుట్లు. దాన్ని 3/8కి మార్చే అడాప్టర్ దొరుకుతుంది. బరువైన కెమెరాకు అంత గట్టి కాళ్లు వేరే దొరకడం కష్టం. మైకు స్టాండ్లలో కొన్నింటికి 3/8 అంగుళం 16 చుట్లే ఉంటుంది, చిన్న బాల్ హెడ్ నేరుగా ఎక్కుతుంది. మిగతావాటికి 5/8 అంగుళం, 27 చుట్లు. అది సర్వే స్టాండు 5/8 కాదు. వ్యాసం ఒకటే, చుట్లు వేరు. రెంటినీ కలిపి బిగిస్తే రెండూ చెడిపోతాయి.

ముఖాలు ఆనడం

హెడ్ అడుగు వ్యాసం 60 మి.మీ. అనుకుందాం. దాని అంచు కింద ఇసుక రేణువు చిక్కి, హెడ్ ఒక పక్కకు 0.1 మి.మీ. ఊగుతోందనుకుందాం. కంటికి కనబడని ఆట అది. 400 మి.మీ. లెన్స్ పెట్టి చూస్తే ఆ ఊపుకు సెన్సర్ మీద బొమ్మ 400ను 60తో భాగించి 0.1తో గుణించినంత, అంటే దాదాపు 0.67 మి.మీ. జరుగుతుంది. 36 మి.మీ. వెడల్పున 6000 పిక్సెళ్లున్న 24 మెగాపిక్సెల్ కెమెరాలో అది సుమారు 110 పిక్సెళ్లు. ఒక్క పిక్సెల్ అదిరినా బొమ్మలో పదును తగ్గే చోట నూటపది. కాళ్లకు వేలకు వేలు పోసి, ఈ అతుకును తుడవకుండా బిగించేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

ముఖాలు ఆనాయో లేదో తెలుసుకోవడానికి ఒక సన్నని కాగితం చాలు. హెడ్‌ను బిగించాక అడుగుకూ పళ్లేనికీ మధ్య కాగితం అంచును చుట్టూ దూర్చి చూడాలి. ఎక్కడా దూరకూడదు. చుట్టూ దూరుతోందంటే స్క్రూ హెడ్ రంధ్రం కన్నా పొడవుగా ఉండి, దాని కొన లోపలి అడుగును తాకి ఆగిపోయిందన్నమాట. చేతికి మాత్రం గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, అక్కడే పొరపడతారు. హెడ్ అంతా సన్నని స్క్రూ కొన మీద నిలబడి ఉంటుంది. దానికి పరిష్కారం పొట్టి స్క్రూ, లేదా హెడ్ అడుగంత వెడల్పున్న పల్చటి లోహపు బిళ్ల. రబ్బరు ముక్కలు, పేర్చిన వాషర్లు పనికిరావు. మెత్తనిది నలుగుతుంది, చిన్న వాషరు ఊగుతుంది. పాత ట్రైపాడ్లలో పళ్లెం మీద అతికించిన బెండు పొర ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి రాలిపోతుంది. దాన్ని పూర్తిగా గీకేసి లోహం మీద లోహం కూర్చోబెట్టడమే మేలు.

అమర్చేటప్పుడు హెడ్‌ను నిటారుగా పట్టుకుని, మొదట ఎడమ వైపుకు కొద్దిగా తిప్పితే చుట్లు ఒకదాంట్లో ఒకటి పడిన చిన్న తట్టు వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పాలి. పక్క చుట్టు పట్టి అల్యూమినియం చుట్లు కోసుకుపోకుండా ఇది కాపాడుతుంది. చివరి బిగింపుకు ముందు, హెడ్ పక్కకు తిరగకుండా ఆపే పాన్ తాళం వేయాలి. లేకపోతే తిరిగేది హెడ్ పైభాగమే, అడుగు కదలదు.

ఈ స్క్రూది కుడి మర కాబట్టి దానికో స్వభావం ఉంది. పైనుంచి చూస్తే హెడ్‌ను కుడికి తిప్పినప్పుడు బిగుస్తుంది, ఎడమకు తిప్పినప్పుడు ఊడుతుంది. వీడియో తీసేవాళ్లు పాన్ బిగువు పెంచి ఎడమకు లాగుతూ పోతే, ఫొటో తీసేవాళ్లు పాన్ తాళం వేసి మరిచిపోయి పెద్ద లెన్స్‌ను ఎడమకు తోస్తే, తిరిగేది హెడ్ కాదు, స్క్రూ మీది అతుకు. పావు చుట్టు ఊడితే హెడ్ 0.4 మి.మీ. పైకి లేస్తుంది. ముఖాలు ఎడబాయడానికి అది ఎక్కువే.

దీన్ని ఆపడానికే పళ్లెం అడుగున చిన్న గ్రబ్ స్క్రూలు పెడతారు. కొన్నింటిలో ఒకటి, కొన్నింటిలో మూడు. హెడ్‌ను పూర్తిగా బిగించిన తర్వాత అలెన్ కీతో వీటిని కింది నుంచి తిప్పితే కొనలు హెడ్ అడుగుకు తగిలి అది వెనక్కి తిరగకుండా పట్టుకుంటాయి. తగిలాక కొద్దిగా బిగిస్తే చాలు. అతిగా బిగిస్తే అవే హెడ్‌ను పైకి నెట్టి, మనం ఒత్తి పెట్టిన ముఖాలను విడదీస్తాయి. హెడ్ అడుగు మరీ చిన్నదైతే గ్రబ్ స్క్రూ గాలిలోకి పొడుచుకొస్తుంది. అడుగు ప్లాస్టిక్‌దైతే గుంట పడుతుంది. ఈ రెండు సందర్భాల్లో వాటిని లోపలికి దించేసి, త్రెడ్‌లాకర్ మీద ఆధారపడటమే సరి.

బిగుసుకుపోయిన హెడ్‌ను తీయడం

కొన్నేళ్లు తీయని హెడ్ మామూలు చేతి బలానికి ఊడదు. మొదట గ్రబ్ స్క్రూలన్నీ వెనక్కి తీయాలి. ఈ పని మరిచి బలవంతంగా తిప్పితే హెడ్ అడుగున వలయాకారపు గీతలు పడతాయి. తర్వాత మధ్య కమ్మీ తాళం బిగించాలి. కమ్మీ గుండ్రటిదై లోపల గాడి లేకపోతే అది కూడా తిరుగుతుంది. అప్పుడు కాళ్లను కాదు, పళ్లెం అంచునే పట్టుకోవాలి. హెడ్ వైపు పట్టు దాని అడుగు మీద ఉండాలి, బంతి మెడ మీదో హ్యాండిల్ మీదో కాదు. కెమెరా ప్లేటు బిగింపును మీటగా వాడి తిప్పితే హెడ్ లోపలి భాగాలు దెబ్బతింటాయి. ప్లంబర్లు వాడే రబ్బరు పట్టీ పాన ఇక్కడ బాగా పనిచేస్తుంది, లోహం మీద గీత పడదు.

అంతకు ముందెవరో త్రెడ్‌లాకర్ వేసి ఉంటే జుట్టు ఆరబెట్టే డ్రయర్‌తో అతుకును కాసేపు వేడిచేయాలి. ఉప్పు, తుప్పు పట్టి ఉంటే చొచ్చుకుపోయే నూనె ఒక చుక్క అతుకు దగ్గర వేసి రాత్రంతా వదిలేయాలి. ఆ నూనె హెడ్ లోపలికి పోకుండా ట్రైపాడ్‌ను నిటారుగా నిలబెట్టి వేస్తే మంచిది. సుత్తి వాడకం ఎప్పుడూ తగదు.

గిన్నెలూ అర్ధగోళాలూ

సినిమా, టీవీ ట్రైపాడ్లలో ఈ చదును పళ్లేనికి బదులు గిన్నెలాంటి గుంట ఉంటుంది. వాడుకలో దాన్ని బౌల్ అనే అంటారు. హెడ్ అడుగున అర్ధగోళం ఉండి ఆ గుంటలో కూర్చుంటుంది, కింది నుంచి ఒక పిడి బిగిస్తే నిలుస్తుంది. పిడి వదులు చేసి హెడ్‌ను కాస్త అటూ ఇటూ వంచితే రసమట్టం బుడగ నడిమికి వస్తుంది. కాళ్లు సరిచేసే పని లేదు. వీడియోకు ఇది విలాసం కాదు, అవసరం. హెడ్ అడుగు మట్టంగా లేకుండా పాన్ చేస్తే, మొదట మట్టంగా ఉన్న క్షితిజం పాన్ చివరికి ఒరిగిపోతుంది.

బౌల్ వ్యాసాలు ఎక్కువగా 75, 100, 150 మి.మీ. చిన్న కెమెరాలకు 75, వార్తల కెమెరాలు, మధ్యస్థ సినిమా కెమెరాలకు 100, బరువైన సినిమా సామగ్రికి 150. పెద్ద బౌల్‌లో చిన్న హెడ్ పెట్టడానికి తగ్గింపు వలయం దొరుకుతుంది. చిన్న బౌల్‌లో పెద్ద హెడ్ కూర్చోదు. అర్ధగోళం విడిగా ఊడివచ్చే హెడ్లు మేలైనవి. దాన్ని తీసేస్తే చదును అడుగు బయటపడి 3/8 స్క్రూ మీద ఎక్కుతాయి. మధ్య కమ్మీ లేని కొన్ని ఫొటో ట్రైపాడ్లలో పళ్లెం తీసి 75 మి.మీ. బౌల్ అమర్చుకోవచ్చు. ఫొటోలు, వీడియో రెండూ తీసేవాళ్లకు ఆ రకం కాళ్లు కొనడమే నా సలహా.

ఇంకా బరువైన చోట మిచెల్ బేస్ వస్తుంది. అమెరికాలో 1919లో పుట్టిన మిచెల్ కెమెరా సంస్థ పేరు దానికి నిలిచిపోయింది. చదునైన పెద్ద గుండ్రటి ముఖం, తిరగకుండా ఆపే గాడి, కింద చేత్తో బిగించే పెద్ద నట్టు. ముఖాల ఆనికనూ, తిరుగుడును ఆపే గాడినీ వేరువేరుగా చూసుకున్న అమరిక అది. చేతి చక్రాలతో తిప్పే బరువైన గేర్ హెడ్లు, క్రేన్లు, డాలీలు ఇప్పటికీ దాన్నే వాడుతున్నాయి.

ఏ పనికి ఏ హెడ్

బాల్ హెడ్ అన్నిటికన్నా తేలిక, ఒకే పిడితో అన్ని వైపులా తిరుగుతుంది. ప్రయాణాలకు ఇది చాలు. బంతి వ్యాసం పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. పెద్ద లెన్స్‌తో మాత్రం ప్రమాదం. పిడి కాస్త వదులవగానే బరువంతా ఒక పక్కకు పడిపోతుంది, మధ్యలో వేలు చిక్కితే నలిగిపోతుంది. మూడు హ్యాండిళ్ల త్రీవే హెడ్ నెమ్మది, కానీ ఒక దిశను సరిచేస్తుంటే మిగతా రెండూ కదలవు. ఇళ్ల లోపలి ఫొటోలు, కట్టడాలు తీసేవాళ్లకు అదే కావాలి. గేర్ హెడ్‌లో ఇదే పనిని మరల పిడులతో వెంట్రుకవాసి కొలతలో చేయవచ్చు. పాత పత్రాలు, చిత్రపటాలు కాపీ చేసేవాళ్లకు అంతకు మించినది లేదు.

గింబల్ హెడ్ పనితీరు వేరు. 500, 600 మి.మీ. లెన్స్‌ను ఊయలలా వేలాడదీసి, దాని గరిమనాభి తిరిగే అక్షం మీదికి వచ్చేలా ముందుకు వెనక్కు జరుపుతారు. తూకం కుదిరాక ఏ తాళమూ వేయకుండానే లెన్స్ వదిలినచోట నిలుస్తుంది, వేలితో తోస్తే కదులుతుంది. కొల్లేరు అంచున అటపాకలో, నేలపట్టులో గూడబాతుల రెక్కల కదలికను వెంబడించే ఫొటోగ్రాఫర్లకు ఈ హెడ్ లేకుండా రోజు గడవదు. కాళ్లు మట్టంగా లేకపోతే గింబల్ ప్రయోజనం సగం పోతుంది కాబట్టి, దాని కింద మట్టం సరిచేసే పళ్లెం పెట్టుకోవడం మంచిది.

ఫ్లూయిడ్ హెడ్ లోపల పలకల మధ్య జిగట ద్రవం పొర ఉంటుంది. తేనెలో గరిటె తిప్పినట్టు, నెమ్మదిగా కదిపితే ఒప్పుకుంటుంది, ఒక్కసారి తోస్తే ఎదురుతిరుగుతుంది. చేతి వణుకు వేగమైన కదలిక కాబట్టి దాన్ని ఆపేసి, నిదానమైన పాన్‌ను సాగనిస్తుంది. తక్కువ ధరలో ‘ఫ్లూయిడ్’ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి లోపల ఉండేది గ్రీజు మాత్రమే. వాటిలో పాన్ మొదలయ్యేచోటా ఆగేచోటా చిన్న కుదుపు మిగిలిపోతుంది.

పనోరమా హెడ్ కెమెరాను దాని స్క్రూ చుట్టూ కాక లెన్స్ లోపలి ప్రవేశ ద్వారం చుట్టూ తిప్పుతుంది. దూరపు కొండలకు ఈ తేడా పట్టదు. హనుమకొండ వేయి స్తంభాల గుడి లాంటి చోట దగ్గరి స్తంభానికీ వెనుక స్తంభానికీ మధ్య ఎడం ఒక్కో ఫొటోలో ఒక్కోలా మారితే, వాటిని కలపడం ఏ సాఫ్ట్‌వేర్‌కూ సులువు కాదు.

పైవైపు అతుకు, బరువు లెక్క

హెడ్ పైన కెమెరా ప్లేటు కూర్చుంటుంది. ఫొటో రంగంలో ఇప్పుడు ఎక్కువగా కనబడేది ఆర్కా-స్విస్ పద్ధతి. ప్లేటు రెండు అంచులూ 45 డిగ్రీల కోణంలో ఏటవాలుగా, వెడల్పు సుమారు 38 మి.మీ. దానికి అధికారిక ప్రమాణం లేదు, వాడుకలో స్థిరపడింది. దాంతో ఒక కంపెనీ ప్లేటు మరో కంపెనీ బిగింపులో కొద్దిగా వదులుగానో బిర్రుగానో ఉంటుంది. పిడి తిప్పి బిగించే రకం ఈ తేడాను సర్దుకుంటుంది. మీట నొక్కి మూసే రకం సర్దుకోలేదు, దానికి అదే కంపెనీ ప్లేట్లు వాడటం క్షేమం. మాన్‌ఫ్రొటో లాంటి సంస్థల సొంత ప్లేట్లు ఇంకొకదానిలో ఎక్కవు. హెడ్లు రెండు మూడు ఉన్నవాళ్లు అన్నిటి మీదా ఒకే రకం బిగింపు పెట్టించుకుంటే కెమెరా అడుగు ప్లేటు మార్చే అవసరం తప్పుతుంది. ప్లేటు స్క్రూ మరీ పొడవుగా ఉంటే కెమెరా అడుగు లోపలి భాగానికి తగులుతుంది కాబట్టి ప్లేటుతో వచ్చిన స్క్రూనే వాడాలి. వీడియో ప్లేట్లలో స్క్రూ పక్కన స్ప్రింగు మీద నిలిచే చిన్న కడ్డీ కెమెరా తిరగకుండా ఆపడానికి. ఫొటో కెమెరాకు దానికి తగ్గ రంధ్రం లేకపోతే అది లోపలికి నొక్కుకుపోతుంది.

డబ్బా మీద రాసే బరువు సామర్థ్యాన్ని రెండు కంపెనీల మధ్య పోల్చి లాభం లేదు. ఎలా పరీక్షించాలో అందరూ పాటించే పద్ధతి ఏదీ లేదు. నిటారుగా మోసిన బరువును ఒకరు రాస్తారు, పక్కకు వంచి జారకుండా నిలిపిన బరువును ఇంకొకరు రాస్తారు. హెడ్‌కు, కాళ్లకు రాసిన అంకెల్లో చిన్నదాన్నే మొత్తం సెట్టు సామర్థ్యంగా తీసుకోవాలి.

ఫ్లూయిడ్ హెడ్లలో ఇంకో లెక్క ఉంది. వంచిన కెమెరాను తిరిగి నిలబెట్టే స్ప్రింగు, కెమెరా బరువుకూ గరిమనాభి ఎత్తుకూ సరిపోవాలి. అందుకే వీటికి పై హద్దుతో పాటు కింది హద్దు కూడా ఉంటుంది. పెద్ద హెడ్ మీద చిన్న కెమెరా పెడితే కిందికి వంచి వదలగానే స్ప్రింగు దాన్ని పైకి ఎగరేస్తుంది. ఎక్కువ మోస్తుంది కదా అని అతి పెద్ద హెడ్ కొనేవాళ్లు ఈ ఇబ్బంది ఇంటికొచ్చాకే చూస్తారు. మైకు, మానిటర్ కెమెరా పైన తగిలిస్తే బరువు కొంచెమే పెరిగినా గరిమనాభి పైకి పోతుంది. స్ప్రింగును మళ్లీ సరిచేసుకోవాలి.

సంరక్షణ

విశాఖ తీరంలోనో పులికాట్ సరస్సు దగ్గరో పనిచేసేవాళ్లకు శత్రువు ఉప్పు. అల్యూమినియం పళ్లెంలో ఉక్కు స్క్రూ ఉండి ఉప్పు తేమ తగిలితే రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలై తెల్లటి బూడిద ఏర్పడుతుంది, అతుకు బిగుసుకుపోతుంది. ఇంటికి రాగానే కాళ్లను మంచినీళ్లతో కడగవచ్చు. హెడ్‌ను కడగకూడదు, తడి గుడ్డతో తుడవాలి. ఎప్పుడూ ఒకే హెడ్ వాడేవాళ్లు కూడా ఏడాదికి రెండు మూడుసార్లు దాన్ని విప్పి, ముఖాలు, చుట్లు తుడిచి మళ్లీ బిగించడం మంచిది. బాల్ హెడ్ బంతికి నూనె, గ్రీజు పూయకూడదు. పట్టు పోవడమే కాక దుమ్ము అంటుకుని ఉప్పుకాగితంలా గీస్తుంది. పొడి గుడ్డ చాలు. ఫ్లూయిడ్ హెడ్ అతుకుల దగ్గర జిడ్డు కనబడితే లోపలి సీలు చెడిందని అర్థం. విప్పి చూడకుండా సర్వీసుకు ఇవ్వాలి. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు బిగువు పిడులన్నీ సున్నాకు తిప్పి, తాళాలు వదులు చేసి ఉంచాలి.